జోధ్‌పూర్‌లో మూడు రోజులుంటే ఎడారి కోసం జైసల్మేర్ దాకా వెళ్లాలా?

పాలకొల్లు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ. తమ్ముడు జోధ్‌పూర్‌లో ఎయిర్‌ఫోర్స్‌లో ఉన్నాడు. నవంబర్ చివర్లో అమ్మానాన్నలను తీసుకుని అతని దగ్గరికి వెళ్తున్నారు. తిరగడానికి మూడు రోజులు చేతిలో ఉన్నాయి. ఇసుక తిన్నెలు, పాత కోటలు, గుళ్లు చూడాలి, వీలైనంతవరకు రైల్లోనే తిరగాలి. నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. జైసల్మేర్ వెళ్లకపోతే ఎడారి చూసినట్టే కాదని అందరూ అంటున్నారట, నిజమేనా? పనిలో పనిగా అజ్మీర్, పుష్కర్ కూడా కలుపుకోవచ్చా?

మూడు రోజులే ఉండి, వెంట పెద్దవాళ్లుంటే జైసల్మేర్ వద్దండి. ఓసియాన్ వెళ్లండి. జోధ్‌పూర్‌కు ఉత్తరంగా సుమారు 65 కిలోమీటర్లు. జోధ్‌పూర్–జైసల్మేర్ రైలు దారిలోనే ఉంది, బండిని బట్టి గంటా గంటన్నర ప్రయాణం. ఇసుక తిన్నెలు, 8వ శతాబ్దం నాటి గుళ్లు, ఇప్పటికీ జనం మొక్కులు తీర్చుకునే అమ్మవారి కోవెల, అన్నీ ఆ ఒక్క ఊళ్లోనే దొరుకుతాయి. పొద్దున్న వెళ్లి రాత్రికి తమ్ముడి ఇంట్లో పడుకోవచ్చు. అజ్మీర్, పుష్కర్ సంగతి వేరు. వాటిని ఈ మూడు రోజుల్లో ఇరికించకుండా తిరుగు ప్రయాణంలో పెట్టుకోండి. అదెలాగో చివర్లో చెబుతాను.

నాది తణుకు దగ్గర ఊరు. చుట్టాలను, మా ఊరి పెద్దవాళ్లను చిన్న చిన్న బ్యాచ్‌లుగా ఉత్తరాది యాత్రలకు తీసుకెళ్లడం చాలా ఏళ్లుగా చేస్తున్నాను. మార్వాడ్ (జోధ్‌పూర్ చుట్టుపక్కల ప్రాంతం) వైపు మనవాళ్లతో తిరిగిన అనుభవంతోనే ఇదంతా రాస్తున్నాను.

జైసల్మేర్ ఎందుకు వద్దంటున్నానో ముందు చెప్పాలి, లేకపోతే మీ ఇంట్లో వాళ్లు ఒప్పుకోరు. జోధ్‌పూర్ నుంచి రైలు దారి దాదాపు 300 కిలోమీటర్లు. వెళ్లడానికి ఐదారు గంటలు, రావడానికి ఐదారు గంటలు. అక్కడ దిగగానే ఇసుక తిన్నెలు కనిపిస్తాయనుకుంటారు కానీ, అందరూ వెళ్లే సమ్ తిన్నెలు ఊరికి పడమరగా మరో 40 కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. ఒక రాత్రి ప్యాకేజీ తీసుకున్నవాళ్లకు జరిగేది ఇదీ: మధ్యాహ్నానికి దిగుతారు, కోటలో గంటసేపు పరుగులు పెడతారు, మూడింటికి జీపు ఎక్కుతారు, సూర్యాస్తమయానికి ఒంటె, ఆ తర్వాత టెంటు దగ్గర రాత్రి పది దాకా పెద్ద సౌండుతో డాన్సులు. పొద్దున్నే లేచి మళ్లీ స్టేషన్. కుర్రాళ్లకు అది సరదాయే. అరవై దాటినవాళ్లకు మిగిలేది ఒళ్లు నొప్పులు.

అంతమాత్రాన జైసల్మేర్‌ను తీసిపారేయడం లేదు. ఆ కోట 1156లో భాటీ రాజు రావల్ జైసల్ కట్టించింది. ఇప్పటికీ లోపల కుటుంబాలు కాపురాలు చేస్తున్నాయి. పసుపు రాతి గోడల మీద సాయంత్రపు ఎండ పడే వేళ అక్కడ ఉండాలి, తొందర లేకుండా ఉండాలి. లోపలి జైన మందిరాల్లో చెక్కడం చూడటానికే ఒక పూట కావాలి. 2013లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన రాజస్థాన్ కొండకోటల్లో అదీ ఒకటి. అలాంటి ఊరికి రెండు రాత్రులు ఇవ్వలేనప్పుడు ఆగి, మరోసారి దానికోసమే వెళ్లడం మేలని నా గట్టి అభిప్రాయం. అయినా వెళ్లాల్సిందేనని ఇంట్లో పట్టుబడితే రాత్రి బండికి బెర్తులు చేసుకోండి, పగలు మిగులుతుంది. సమ్ బదులు ఖూరీ వైపు తిన్నెలు అడగండి, అక్కడ రద్దీ తక్కువ.

ఇప్పుడు ఓసియాన్.

ఎడారి అనగానే మనవాళ్లు కనుచూపు మేర ఇసుకే ఉంటుందనుకుంటారు. థార్ అలా ఉండదు. ఎక్కువ భాగం తుప్పలు, సజ్జ చేలు, అక్కడక్కడా చెట్లు, మేకల మందలు, ఊళ్లు. ప్రపంచంలో జనం బాగా ఒత్తుగా ఉండే ఎడారుల్లో ఇదొకటి. తిన్నెలు మాత్రం అక్కడక్కడా మేటలుగా ఉంటాయి. ఈ మాట ముందే ఇంట్లో చెప్పి తీసుకెళ్లండి. మా బ్యాచ్‌లో ఒక పెద్దాయన రైలు కిటికీలోంచి చూసి, ఇవి మన మెట్ట చేలల్లాగే ఉన్నాయి, ఎడారి ఎప్పుడొస్తుందని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నారు. తిన్నె మీదికి ఎక్కించాక గానీ ఆయన స్థిమితపడలేదు.

ఇసుక గురించి కాస్త చెబుతాను. గోదావరి ర్యాంపుల్లో ఇసుక చూసి పెరిగినవాళ్లం కాబట్టి తేడా మనకు వెంటనే తెలుస్తుంది. నది ఇసుక రేణువు కాస్త పెద్దది, కోణాలు ఉంటాయి, అందుకే సిమెంటుతో బాగా పడుతుంది. గాలి మోసుకొచ్చిన ఎడారి ఇసుక సన్నగా, అరిగి గుండ్రంగా ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. కాంక్రీటుకు అది పనికిరాదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు దీంట్లో ఒక ఉపయోగకరమైన సంగతి ఉంది. తిన్నెకు రెండు వైపులు ఉంటాయి. గాలి వచ్చే వైపు వాలు తక్కువ, పైన అలల్లాంటి గీతలు ఉంటాయి, ఇసుక గట్టిగా సర్దుకుని ఉంటుంది. అవతలి వైపు నిట్టనిలువుగా ఉండి, కాలు పెడితే పిక్క దాకా దిగబడుతుంది. నాన్నగారిని గీతలున్న వైపు నుంచి, చేతికర్రతో, నెమ్మదిగా నడిపించండి. శిఖరం దాకా ఎక్కనక్కర్లేదు. సగం దూరం వెళ్లి కూర్చున్నా సూర్యాస్తమయం చక్కగా కనిపిస్తుంది.

ఒంటె విషయం. కూర్చున్న ఒంటె లేచేటప్పుడు ముందు వెనక కాళ్లు లేపుతుంది, మీద ఉన్నవాళ్లు ఒక్కసారిగా ముందుకు తూలిపోతారు. కూర్చునేటప్పుడు ముందు కాళ్లు మడుస్తుంది, అప్పుడూ ముందుకే. రెండుసార్లూ జీను గట్టిగా పట్టుకుని వెనక్కి వాలాలి. మోకాళ్లు, నడుము బాగాలేని వాళ్లకు ఒంటె సవారీ వద్దు, ఒంటె బండి అడగండి. పరుపు వేసిన బల్లబండి, హాయిగా కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. జీపుల్లో తిన్నెల మీద ఎగిరెగిరి పడే సవారీ అయితే పెద్దవాళ్లకు అసలే వద్దు. బేరం ముందే తేల్చుకోండి: ధర మనిషికా, ఒంటెకా, ఎంతసేపు, తిరిగి దింపేది ఎక్కడ. ఒకసారి మావాళ్లను ఒక ఏజెంటు అన్నీ కలిపే రేటని తీసుకెళ్లి, తిన్నెల దగ్గరికి వెళ్లాక టీకి, మంచానికి, పాటలకు విడివిడిగా అడిగాడు. పెద్దవాళ్ల ముందు గొడవెందుకని ఇచ్చేశాం. అప్పటి నుంచి ప్రతిదీ ఫోన్లో మెసేజీగా రాయించుకుంటున్నాను.

గుళ్ల సంగతికొస్తే, ఓసియాన్‌కు నేను మళ్లీ మళ్లీ వెళ్లేది వాటి కోసమే. అప్పట్లో ఆ ప్రాంతాన్ని ఏలిన ప్రతీహార రాజుల కాలంలో ఇది పెద్ద వర్తక కేంద్రం. హరిహర ఆలయాలని మూడు ఉన్నాయి, ఎత్తయిన అరుగుల మీద కట్టినవి, 8వ శతాబ్దం ప్రాంతానివి. వాటిలో ఒకటి పంచాయతనం, నడుమ పెద్ద గుడి, నాలుగు మూలలా నాలుగు చిన్న గుళ్లు. హరిహరుడు అంటే సగం విష్ణువు, సగం శివుడు. మీరు క్షీరారామం గాలిగోపురం చూస్తూ పెరిగినవాళ్లు కాబట్టి నాన్నగారికి ఒకటి చూపించండి: ఇక్కడ వాకిట్లో గోపురం ఉండదు, ఎత్తంతా గర్భగుడి మీదే, లోపలికి వంపు తిరుగుతూ పైకి లేస్తుంది. నాగర పద్ధతి అనే ఈ ఉత్తరాది గుడి కట్టడం తొలి రోజుల్లో ఎలా ఉండేదో ఇంత దగ్గరగా, గుంపుల తోపులాట లేకుండా చూసే చోటు చాలా తక్కువ. చాలామంది కారు ఆపకుండా తిన్నెలకు వెళ్లిపోతారు, నాకు బాధగా ఉంటుంది. అరగంట ఆగండి. స్తంభాల మీద పూర్ణకుంభాలు, గోడల మీద కృష్ణుడి కథలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ తిరగండి.

మహావీర మందిరం ప్రతీహార రాజు వత్సరాజు కాలం నాటిది, అంటే 8వ శతాబ్దం చివరిది. పశ్చిమ భారతంలో నిలిచి ఉన్న జైన మందిరాల్లో బాగా పాతవాటిలో ఒకటి. ఓస్వాల్ జైనులకు ఈ ఊరే మూలస్థానం, ఆ పేరే దీన్నుంచి వచ్చింది. మన పట్టణాల్లో బంగారం, బట్టల కొట్లు నడిపే మార్వాడీల్లో ఎవరైనా ఓస్వాల్ మీకు తెలిసినవాళ్లు ఉంటే బయల్దేరే ముందు ఒకసారి మాట్లాడండి, ఎక్కడ ఉండాలో, ఏం తినాలో వాళ్లకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. నేను భీమవరం పక్కన పెదఅమిరం మందిరం దగ్గర పరిచయమైన ఒకాయన మాట మీదే మొదటిసారి ఓసియాన్‌లో దిగాను. జైన మందిరాల్లోకి తోలు వస్తువులు తీసుకెళ్లనివ్వరు, నాన్నగారి బెల్టు, పర్సు ముందే బ్యాగులో పెట్టి బయట వదలండి.

మొదట్లో చెప్పిన అమ్మవారి కోవెల ఈ సచియా మాత గుడే, గుట్ట మీద ఉంది. మెట్ల దారి పొడవునా రాతి తోరణాలు వరసగా ఉంటాయి, చూడటానికి చాలా బాగుంటుంది కానీ మోకాళ్లకు పరీక్షే. అమ్మగారు ఎక్కగలిగితే ఆవిడను తీసుకెళ్లండి. నాన్నగారు మహావీర మందిరం దగ్గర నీడలో కూర్చోవచ్చు. నవరాత్రుల్లో అయితే జనం విపరీతం, మీరు నవంబర్‌లో వెళ్తున్నారు కాబట్టి ఆ టెన్షన్ లేదు.

క్రమం ఇలా పెట్టుకోండి: పొద్దున్న రైల్లో ఓసియాన్, మధ్యాహ్నం లోపు గుళ్లు, భోజనం చేసి కాస్త నడుం వాల్చి, నాలుగు గంటలకు తిన్నెలు. నవంబర్ చివర్లో అక్కడ పొద్దు కుంకేది ఆరింటికి ముందే. తెల్లారేది మాత్రం ఏడింటి ప్రాంతంలో, కాబట్టి మన అలవాటు ప్రకారం నాలుగింటికి లేపి అందరినీ చలిలో నిలబెట్టకండి. చీకటి పడ్డాక వెనక్కి రైలు కుదురుతుందని నమ్ముకోవద్దు. ఆ లైనులో బండ్లు తక్కువ, టైములు మారుతుంటాయి. ముందురోజు రైలు టైములు చూపే రైల్వేవాళ్ల ఎన్‌టీఈఎస్ యాప్‌లో చూసి, కుదరకపోతే కారు మాట్లాడుకోండి. వెళ్లేటప్పుడు రైలు, వచ్చేటప్పుడు కారు, పెద్దవాళ్లకు ఇదే సుఖం.

మిగతా రెండు రోజుల్లో ఒకటి జోధ్‌పూర్‌కే ఇవ్వండి. మెహరాన్‌గఢ్ కోట 1459లో రావ్ జోధా మొదలుపెట్టింది. కొండరాయి మీద నిట్టనిలువుగా లేచి ఉంటుంది, కింద నుంచి చూస్తే నాన్నగారు నేను రానంటారు. లోపల లిఫ్టు ఉంది, టికెట్ల దగ్గరే అడిగి దానికీ టికెట్టు తీసుకోండి. పైకి లిఫ్టులో వెళ్లి, మ్యూజియం చూసుకుంటూ కిందికి నడిచి రావడం సులువు. కింది ద్వారాల దగ్గర ఫిరంగి గుండ్ల గుర్తులు గోడ మీద కనిపిస్తాయి. దగ్గరలోనే జస్వంత్ థడా, 1899 నాటి పాలరాతి స్మారకం, అరగంట చాలు. ఉమైద్ భవన్ ప్యాలెస్ మాత్రం వదిలేయండి, చూడనిచ్చేది చిన్న భాగమే.

దానికి బదులు మండోర్ వెళ్లండి. ఊరికి తొమ్మిది కిలోమీటర్లు, జోధ్‌పూర్ కంటే ముందు మార్వాడ్ రాజధాని. తోటలో రాజుల స్మారకాలు గుళ్లలాగే కట్టారు, నడక చాలావరకు చదునైన నేల మీదే. రావణుడి భార్య మండోదరి పుట్టిల్లు ఇదేనని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. మా అమ్మ ఆ మాట విన్నాక ఇక అక్కడి నుంచి కదలలేదు, ఊరికి వచ్చాక కూడా అందరికీ కోట సంగతి కాకుండా అదే చెప్పింది.

మూడో రోజుకు రెండు దారులు ఉన్నాయి. పెద్దవాళ్లు భక్తిపరులై, రైల్లో కూర్చోవడం ఇబ్బంది కాకపోతే అదే లైనులో ముందుకెళ్లి రామ్‌దేవ్‌రా చూడండి, పోఖ్రాన్‌కు కాస్త ముందు స్టేషన్. బాబా రామ్‌దేవ్ (ఇప్పటి యోగా గురువు కాదు, పాతకాలపు మహాత్ముడు) సమాధి అక్కడ ఉంది. హిందువులు దేవుడిగా కొలుస్తారు, ముస్లింలు రామ్‌సా పీర్ అంటారు, ఇద్దరూ ఒకే వరసలో నిలబడతారు. గుడ్డతో కుట్టిన గుర్రాలు మొక్కుగా ఇస్తారు. భాద్రపద మాసంలో జాతర, ఆ రోజుల్లో ఈ దారిలో కాలు పెట్టే చోటుండదు. మీరు వెళ్లే నెలలో తాపీగా దర్శనం అవుతుంది.

రెండోది, నా మనసుకు దగ్గరిది, ఖేజడ్లీ గ్రామం. జోధ్‌పూర్‌కు ఆగ్నేయంగా 26 కిలోమీటర్లు, రైలు కాదు, కారులో వెళ్లాలి. 1730లో రాజుగారి కొత్త భవనానికి సున్నం కాల్చడానికి కట్టెల కోసం సైనికులు వచ్చి చెట్లు నరకబోతే, అమృతాదేవి అనే బిష్ణోయ్ (చెట్లను, జంతువులను కాపాడటం ధర్మంగా భావించే సమాజం) మహిళ, ఆమె ముగ్గురు కూతుళ్లు చెట్లను కావలించుకుని ప్రాణాలిచ్చారు. వాళ్ల వెనక చుట్టుపక్కల ఊళ్ల జనం వరసగా వచ్చి నిలబడ్డారు. మొత్తం 363 మంది చనిపోయారు. ఆ చెట్టు మనకు తెలియనిది కాదు, దసరాకు మనం పూజ చేసే జమ్మి చెట్టే. అక్కడ పెద్ద హంగులేం లేవు, స్మారకం, గుడి, చుట్టూ చెట్లు. నడక తక్కువ. ఈ కథ పిల్లలకూ పెద్దలకూ తెలియాలని నేను తీసుకెళ్లిన ప్రతి బ్యాచ్‌నూ అక్కడ ఆపుతాను. ఎవరూ ఎందుకాపావని అడగలేదు. దారిలో చేలల్లో కృష్ణజింకలు, చింకారా అనే చిన్న జింకలు కనిపించవచ్చు. బిష్ణోయ్‌లు వాటిని కాపాడుకుంటారు కాబట్టి అవి మనుషులకు బెదరవు.

తిండి గురించి మనవాళ్లకు బెంగ ఎక్కువ. మీకు తమ్ముడి ఇల్లు ఉంది కాబట్టి అన్నం, పెరుగు ఇబ్బంది లేదు. బయట తిరిగే రోజు సజ్జ రొట్టె, గట్టే కూర (శనగపిండి ముద్దలతో చేసేది), కేర్ సాంగ్రీ కూర రుచి చూడండి. సాంగ్రీ అంటే ఆ జమ్మి చెట్టు కాయలే, ఎండబెట్టి వండుతారు. దాల్ బాటీలో (పప్పుతో తినే కాల్చిన గోధుమపిండి ఉండలు) నెయ్యి ధారాళంగా పోస్తారు, పెద్దవాళ్లకు రాత్రిపూట పెట్టించకండి. కందిపొడి, కొంచెం ఆవకాయ సంచిలో ఉంటే జీరా రైస్‌తోనైనా పూట గడిచిపోతుంది.

గాలి పొడిగా ఉంటుంది. మన ఉక్కపోతకు అలవాటైన ఒంటికి చెమట పట్టినట్టే తెలియదు, దాహం వేయదు, సాయంత్రానికి తలనొప్పి వస్తుంది. అడక్కుండానే గంటకోసారి నీళ్లు తాగించండి. పెదాలకు, ముక్కు లోపల కాస్త కొబ్బరినూనె రాయండి. పగలు ఎండ, పొద్దు కుంకగానే చలి, తిన్నెల మీదికి శాలువాలు తప్పనిసరి.

ఇక ప్రయాణం. నరసాపురం వైపు నుంచి పాలకొల్లు మీదుగా వెళ్లే బండ్లలో సికింద్రాబాద్ చేరుకుంటే, కాచిగూడ నుంచి జోధ్‌పూర్ పక్కనున్న భగత్ కీ కోఠీకి 2025 జూలైలో మొదలైన రోజువారీ ఎక్స్‌ప్రెస్ ఉంది. రెండు రాత్రులు బండిలోనే గడుస్తాయి. హైదరాబాద్‌లో ఒక పూట విశ్రాంతి ఉండేలా చూసుకోండి, ఒక బండి దిగి వెంటనే ఇంకో బండి కోసం పెద్దవాళ్లతో పరుగులు వద్దు. విజయవాడ నుంచి చెన్నై–జైపూర్ బండి కూడా ఉంది కానీ అది వారంలో కొన్ని రోజులే, జైపూర్ నుంచి మళ్లీ ఐదారు గంటలు. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుస్తున్నారు. అమ్మానాన్నల టికెట్టు విడిగా తీయండి. సీనియర్ సిటిజన్ కోటాలో లోయర్ బెర్తులు ఒక టికెట్టు మీద ఒకరు లేదా ఇద్దరు ఉన్నప్పుడే ఇస్తారు, మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45 దాటి ఉండాలి. మీ అందరినీ ఒకే టికెట్టులో పెడితే ఆ కోటా పోతుంది. మీరు పక్క టికెట్టు మీద అదే కోచ్ కోసం ప్రయత్నించండి.

కాచిగూడ బండి అజ్మీర్ మీదుగానే వెళ్తుంది కాబట్టి, అజ్మీర్, పుష్కర్ చూడాలనుంటే తిరుగు టికెట్టు జోధ్‌పూర్ నుంచి కాకుండా అజ్మీర్ నుంచి తీసుకోండి. ముందురోజే జోధ్‌పూర్ వదిలి, పుష్కర్‌లో ఒక రాత్రి ఉండండి, అజ్మీర్ నుంచి కొండ దాటితే అరగంట ప్రయాణం. బ్రహ్మ గుడి, సరస్సు చూశాక పాత రంగ్‌జీ గుడి మర్చిపోకండి, 1823లో హైదరాబాద్‌కు చెందిన సేఠ్ పూరన్‌మల్ గనేరీవాల్ కట్టించింది, అక్కడ మన వైపు గోపురం కనిపిస్తే అమ్మగారికి సంతోషంగా ఉంటుంది. ఘాట్ల మీద పితృకార్యం చేయించుకుంటే దక్షిణ ఎంతో కూర్చోకముందే మాట్లాడుకోండి, సంకల్పం చెప్పించాక బేరం కుదరదు. అజ్మీర్ దర్గాలో ఆడా మగా అందరికీ ప్రవేశం ఉంది, తల మీద గుడ్డ ఉండాలి, పెద్ద బ్యాగులు లోపలికి రానివ్వరు, స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టి వెళ్లండి. దర్గా ఉత్సవమైన ఉర్సు ముస్లిం క్యాలెండర్‌లోని రజబ్ నెలలో వస్తుంది. మీ తేదీలు దానికి దగ్గర పడకుండా ఒకసారి క్యాలెండర్ చూసుకుని అప్పుడు టికెట్టు తీయండి.